మీకు తెలుసా? మన వేలిముద్రల మీద బ్రస్సెల్స్‌లో వాదోపవాదాలు

షెంగెన్ వీసా కోసం హైదరాబాద్‌లోని దరఖాస్తు కేంద్రానికి వెళ్లి, పది వేళ్లూ అద్దం మీద ఆనించి వచ్చినవాళ్లు మన చుట్టాల్లోనే బోలెడుమంది ఉంటారు. జర్మనీలో కూతురి పురుడు పోయడానికి బయల్దేరిన అమ్మమ్మలు, కొడుకు పట్టా పుచ్చుకుంటుంటే చూడాలని వెళ్లిన తాతయ్యలు కూడా ఆ వరసలో నిలబడ్డవాళ్లే. ఆ ముద్రల్ని ఎన్నేళ్లు దాచాలి, ఏ పోలీసు ఎప్పుడు తీసి చూడొచ్చు, పొరపాటు దొర్లితే ఎవరిని అడగాలి? ఇలాంటివన్నీ పట్టుకుని వాక్యం వాక్యం వాదించుకునేది ఐరోపా పార్లమెంటులోని ఒక కమిటీ. పౌరస్వేచ్ఛలు, న్యాయం, హోం వ్యవహారాల కమిటీ అన్నది దాని పూర్తి పేరు. అక్కడివాళ్లు పొట్టిగా ‘లీబే’ అంటారు. పోలీసులు, సరిహద్దులు, శరణార్థులు, వీసాలు, వ్యక్తిగత సమాచారం అన్నీ దీని ఖాతాలోవే. పేరు వింటే ఆవులింత వస్తుంది గానీ, లోపల జరిగిన సంగతులు కొన్ని వినండి.

ఒక్కరోజు తొందర

2009 చివరిదాకా ఈ కమిటీ మాటకు పెద్దగా బరువుండేది కాదు. పోలీసు వ్యవహారాల్లో, నిఘాలో సభ్యదేశాల మంత్రులే నిర్ణయం తీసుకునేవారు. పార్లమెంటు తన అభిప్రాయం రాసి పంపేది. మంత్రులు చదివితే చదివినట్టు, లేకపోతే లేదు. 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక లెక్క మారింది. ఇలాంటి చట్టాల్లో చాలావాటికి, బయటి దేశాలతో చేసుకునే ఒప్పందాలకు పార్లమెంటు ఒప్పుకోవడం తప్పనిసరి అయింది.

సరిగ్గా దానికి ముందురోజు, నవంబరు 30న, మంత్రులు అమెరికాతో ఒక ఒప్పందం ఖాయం చేసేశారు. ఉగ్రవాదుల నిధులు వెతకడానికి ఐరోపా బ్యాంకు లావాదేవీల వివరాలు అమెరికా ఖజానా శాఖకు ఇస్తామన్నది దాని సారాంశం. విదేశంలో చదువుతున్న పిల్లలకి ఫీజు పంపేటప్పుడు బ్యాంకు ఫారంలో స్విఫ్ట్ కోడ్ రాస్తాం కదా, ఆ స్విఫ్ట్ సంస్థ దగ్గర ఉండే వివరాలే ఇవి. దాని ప్రధాన కార్యాలయం బ్రస్సెల్స్‌కి దగ్గర్లో లా హుల్ప్ అనే చిన్న ఊళ్లో ఉంది. 2001 దాడుల తర్వాత నుంచి అమెరికా ఆ సమాచారాన్ని గుట్టుగా వాడుకుంటోందని 2006లోనే పత్రికలు బయటపెట్టాయి.

కొత్తగా చేతికొచ్చిన అధికారాన్ని కమిటీ పెట్టెలో పెట్టి దాచుకోలేదు. నెదర్లాండ్స్ సభ్యురాలు జానీన్ హెనిస్-ప్లాష్కార్ట్ కమిటీ తరఫున నివేదిక రాస్తూ, తిరస్కరించండని తేల్చిచెప్పారు. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ స్వయంగా ఐరోపా పార్లమెంటు అధ్యక్షుడు యెర్జీ బుజెక్‌కి ఫోన్ చేశారు. అయినా 2010 ఫిబ్రవరి 11న సభ ఒప్పందాన్ని తోసిపుచ్చింది. తిరస్కరించాలన్నవాళ్లు 378 మంది, వద్దన్నవాళ్లు 196, తటస్థులు 31. ఆ మే నెలలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్ బ్రస్సెల్స్‌కి వచ్చి అదే పార్లమెంటులో ప్రసంగించారు. అమెరికా పంపే ప్రతి అభ్యర్థననూ ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ ముందుగా పరిశీలించాలన్న షరతుతో రెండో ఒప్పందం జులైలో ఆమోదం పొందింది. ఆ షరతు ఎంత గట్టిదన్నది వేరే చర్చ. ఒకరోజు ముందు పని కానిచ్చేసి పార్లమెంటు చేతుల్లో పడకుండా తప్పుకుందామనుకున్న మంత్రులు ఏడాది తిరక్కముందే అదే గుమ్మం ముందుకి మళ్లీ రావాల్సివచ్చింది.

బొటనవేలు చూసి ఓటు

కమిటీలో ఒక చట్టం మీద ఓటింగంటే ఒక్క ఓటుతో పోదు. సవరణ వెనక సవరణ, ఒక్కోసారి వందల్లో ఉంటాయి. అధ్యక్షులు అంకె చదువుతారు. అనుకూలం ఎవరు, వ్యతిరేకం ఎవరు, తటస్థం ఎవరు, ఆమోదం. సభ్యులు ఎత్తిన చెయ్యి దించేలోపే తర్వాతి అంకె వచ్చేస్తుంది. ఏ అంకె కింద ఏముందో గుర్తుంచుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒక్కో పార్టీ వర్గం నుంచి ఒకరు ముందే గుర్తులు పెట్టుకున్న జాబితా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలు పైకీ కిందకీ తిప్పుతుంటారు. మిగతావాళ్లు ఆ వేలు చూసి చేతులెత్తుతారు.

ఇదేం చట్టసభ అనిపిస్తుంది మొదటిసారి చూసినవాళ్లకి. కానీ అసలు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ప్రతి బిల్లుకీ కమిటీ ఒక బాధ్యుణ్ని నియమిస్తుంది, ఆయన్ని రాపొర్టర్ అంటారు. మిగిలిన ఒక్కో పార్టీ వర్గం నుంచి ఒక్కో షాడో రాపొర్టర్ ఉంటారు. వీళ్లంతా కలిసి నెలల తరబడి కూర్చుని, పదిమంది తెచ్చిన పది సవరణల్ని నలగ్గొట్టి ఒక్కటిగా చేస్తారు. బొటనవేలు ఎటు తిరగాలో తేలేది అక్కడ.

తలుపు తీసినవాళ్లు, వేసుకున్నవాళ్లు

ఈ కమిటీ చర్చల్ని మామూలుగా ఎవరైనా ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూడొచ్చు. మన పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో వచ్చాయి. ఇప్పుడు 24 ఉన్నాయి. ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. వీటి నివేదికలు అందరికీ దొరుకుతాయి గానీ సమావేశాలు మాత్రం తలుపులు వేసుకునే జరగాలి. లోక్‌సభ నిబంధనావళిలో 266వ నిబంధన ఆ మాటే చెబుతుంది. కెమెరా లేకపోతేనే సభ్యులు పార్టీ జెండా పక్కనపెట్టి మాట్లాడతారని మనవాళ్ల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. అలాగని ఐరోపావాళ్లు అన్నీ కెమెరా ముందే తేలుస్తారనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే.

నాలుగో గడి

ఐరోపాలో ఒక చట్టం పుట్టడంలో ముగ్గురి చెయ్యి ఉంటుంది. ప్రతిపాదన తెచ్చే కమిషన్, పార్లమెంటు, మంత్రుల మండలి. ఈ ముగ్గురి ప్రతినిధులూ ఒక గదిలో చేరి బేరాలాడుకునే సమావేశాన్ని ట్రయలాగ్ అంటారు. మనవైపు పెళ్లి మాటలు పెద్దలు లోపలిగదిలో తేల్చుకుని, వసారాలోకి వచ్చి తాంబూలాలు పుచ్చుకున్నట్టు ఉంటుంది. బయటివాళ్లకి తెలిసేది తాంబూలాల సంగతే. ఐరోపా చట్టాల్లో ఎక్కువ భాగం ఇలాగే ముగుస్తున్నాయి.

ఆ గదిలో బల్ల మీద ఉండే కాగితానికి నాలుగు గడులుంటాయి. మొదటి దాంట్లో కమిషన్ రాసింది, రెండో దాంట్లో పార్లమెంటు కోరింది, మూడో దాంట్లో మంత్రులు కోరింది. నాలుగోది మొదట ఖాళీ. బేరం కుదిరిన కొద్దీ అది నిండుతుంది. మొదటి మూడూ ఎవరైనా చూడొచ్చు, నాలుగోది మాత్రం గోప్యంగా ఉండేది.

దీన్ని బయటికి లాగింది ఎవరనుకున్నారు? ఏళ్ల తరబడి ఈ కమిటీ సచివాలయాన్నే నడిపిన అధికారి ఎమీలియో డి కాపిటాని. కొలువు దిగాక ఆయన మామూలు పౌరుడిలా దరఖాస్తు పెట్టి, జరుగుతున్న ట్రయలాగ్‌ల కాగితాలు ఇమ్మన్నారు. పార్లమెంటు కొన్ని ఇచ్చింది, కొన్నింట్లో నాలుగో గడి చెరిపేసి ఇచ్చింది. ఆయన కోర్టుకెక్కారు. 2018 మార్చి 22న ఐరోపా జనరల్ కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చట్టం తయారవుతున్నప్పుడే జనానికి తెలియాలని, నాలుగో గడి మొత్తాన్ని ముందుగానే రహస్యమని అనుకోవడం కుదరదని తేల్చింది. ఇంటి గుట్టు తెలిసినవాడే తాళం తీయించాడు. ఇన్ని సంగతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట ఇదే.

3,999 సవరణలు

ఏ వెబ్‌సైటు తెరిచినా ‘కుకీలు ఒప్పుకుంటారా’ అని అడ్డుపడే పలకలు మనకి తెలుసు. వాటి వెనకున్న చట్టాల్లో పెద్దది, వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే జీడీపీఆర్. దీన్ని కమిటీలో మోసినది జర్మనీ గ్రీన్ పార్టీ సభ్యుడు యాన్ ఫిలిప్ ఆల్‌బ్రెక్ట్. పని మొదలయ్యేటప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. వివిధ కమిటీల్లో కలిపి ఈ ఒక్క ముసాయిదాకి వచ్చిన సవరణలు 3,999. పెద్ద పెద్ద కంపెనీల లాబీయిస్టులు బ్రస్సెల్స్‌లో వాలిపోయారు. కొందరు సభ్యులు పెట్టిన సవరణలు కంపెనీల కాగితాల్లోంచి అక్షరం మార్చకుండా దించినవేనని ‘లాబీప్లాగ్’ అనే వెబ్‌సైటు రెండింటినీ పక్కపక్కన పెట్టి మరీ చూపించింది.

ఇదంతా ఎటూ తెగక నలుగుతుండగా 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన రహస్యాలు బాంబులా పేలాయి. అమెరికా నిఘా సంస్థలు ఎవరి మెయిళ్లు ఎలా చూస్తున్నాయో బయటపడ్డాక, వ్యక్తిగత సమాచారానికి రక్షణ వద్దని పైకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అక్టోబరు 21న కమిటీ ఓటేసింది. 2014 మార్చిలో సభ 621 ఓట్లతో సమ్మతించింది. వ్యతిరేకం పదే పది. మంత్రులతో బేరం ముగియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2018 మే 25న చట్టం అమల్లోకి వచ్చింది. తప్పుచేసిన కంపెనీకి జరిమానా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం దాకా వేయొచ్చు. 2023లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకి పడింది 120 కోట్ల యూరోలు.

ఇక్కడ మన తోక ఒకటుంది. జీడీపీఆర్ అమల్లోకి వచ్చిన రెండు నెలలకి, 2018 జులైలో, భారతదేశానికి సమాచార రక్షణ బిల్లు ముసాయిదా రాసిచ్చిన నిపుణుల సంఘానికి అధ్యక్షుడు జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ. పేరు ఎక్కడో విన్నట్టుందా? 2010లో రాష్ట్ర విభజన మీద ఊరూరా తిరిగి అభిప్రాయాలు సేకరించి, డిసెంబరు చివర్లో ఆరు మార్గాలతో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ ఆయనదే. ఆయన ముసాయిదా మీద కేంద్రం తెచ్చిన 2019 బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. రెండేళ్లు చర్చించి కమిటీ 81 సవరణలు సూచించింది. ఇన్ని సవరణలా అని 2022 ఆగస్టులో ప్రభుత్వం బిల్లునే వెనక్కి తీసుకుంది. అక్కడ 3,999 పడ్డా చట్టం బతికి బట్టకట్టింది, ఇక్కడ 81కే ప్రాణం పోయింది. మరుసటి ఏడాది వేరే బిల్లు తెచ్చి చట్టం చేశారు.

ఒకే రోజు, రెండు చట్టాలు

2016 ఏప్రిల్ 14న ఐరోపా పార్లమెంటు రెండు పనులు చేసింది. పౌరుల సమాచారాన్ని కాపాడే జీడీపీఆర్‌కి తుది ఆమోదం. విమాన ప్రయాణికుల సమాచారాన్ని పోలీసులకి అప్పజెప్పే చట్టానికీ ఆమోదం. రెండూ ఈ కమిటీ చేతుల మీదుగా వచ్చినవే.

రెండోదాన్ని ఇదే కమిటీ 2013 ఏప్రిల్‌లో 30–25 ఓట్లతో తిప్పికొట్టింది. తర్వాత 2015లో పారిస్‌లో రెండు దాడులు. 2016 మార్చి 22న బ్రస్సెల్స్ విమానాశ్రయంలో, మెట్రోలో పేలుళ్లు. ఆ మెట్రో స్టేషన్ పార్లమెంటు భవనానికి నడిచిపోయేంత దూరం. మూడువారాలు తిరిగేసరికి 461 మంది చేతులెత్తారు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేవారి టికెట్ ఎలా కొన్నారు, ఎవరితో ప్రయాణిస్తున్నారు, సామాను ఎంత అన్న వివరాలు అలా పోలీసు విభాగాలకి చేరి అయిదేళ్లు ఉండేవి. ఆరు నెలలు దాటాక పేర్లు కనబడకుండా ముసుగేయాలన్నది షరతు. 2022 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం దీనికి కళ్లెం వేసింది. అందరి వివరాలూ విచక్షణ లేకుండా అయిదేళ్లు దాచకూడదంది.

చెప్పినవాడు రాలేదు, వచ్చినవాడు చెప్పలేదు

స్నోడెన్ ఉదంతం మీద ఈ కమిటీ ఆరు నెలలకు పైగా విచారణ జరిపింది. నివేదిక రాసినది క్లాడ్ మొరైస్. భారతీయ మూలాలున్న కుటుంబంలో యెమెన్‌లోని ఏడెన్‌లో పుట్టి, స్కాట్లండ్‌లో పెరిగి, లండన్ నుంచి గెలిచిన ఆయన 2014 నుంచి 2019 దాకా ఈ కమిటీకి అధ్యక్షుడు కూడా. స్నోడెన్ రష్యా నుంచి కదలలేడు కాబట్టి ఒకసారి ఆయన ప్రకటనని వేరేవాళ్లు చదివి వినిపించారు, తర్వాత ఆయన ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబులు పంపారు.

ఇక వచ్చినవాడి సంగతి. 2018 మేలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా పార్లమెంటుకి వచ్చారు. మొదట తలుపులు వేసుకుని మాట్లాడదామనుకున్నారు గానీ గోల కావడంతో ప్రత్యక్షంగా చూపించారు. పద్ధతేమిటంటే ముందు నాయకులంతా వరసగా ప్రశ్నలు అడిగేస్తారు, చివర్లో ఆయన అన్నిటికీ కలిపి జవాబిస్తారు. ఇంకేముంది, సమయమంతా ప్రశ్నలకే పోయింది. ఉన్న కాసేపట్లో నచ్చిన ప్రశ్నలు ఏరుకుని జవాబు చెప్పి వెళ్లిపోయారు. ఆ పద్ధతి ఎవరు ఎంచారో గానీ అడిగినవాళ్లకంటే జవాబు చెప్పాల్సినవాడికే బాగా పనికొచ్చింది.

తటస్థుడు ఓటేసినట్టా, వేయనట్టా?

2018 సెప్టెంబరు 12. హంగరీలో న్యాయస్థానాల, పత్రికల స్వేచ్ఛకి ముప్పుందని, ఆ దేశం మీద చర్య మొదలుపెట్టాలని ఈ కమిటీ తరఫున జ్యూడిత్ సార్జెంటీని రాసిన నివేదిక సభ ముందుకొచ్చింది. సొంత సభ్యదేశం మీద ఇలాంటి చర్యని పార్లమెంటు మొదలుపెట్టడం అదే మొదటిసారి. నెగ్గాలంటే వేసిన ఓట్లలో మూడింట రెండొంతులు కావాలి. అనుకూలం 448, వ్యతిరేకం 197, తటస్థం 48.

కాగితం పెన్సిలు తీసి లెక్కేయండి. తటస్థుల్ని వదిలేస్తే మొత్తం 645, కావలసినవి 430. గెలిచినట్టే. తటస్థుల్నీ కలిపితే మొత్తం 693, కావలసినవి 462. అప్పుడు 14 ఓట్లు తక్కువ. పార్లమెంటు తటస్థుల్ని లెక్కలోకి తీసుకోలేదు. హంగరీ ఊరుకోలేదు, న్యాయస్థానానికి వెళ్లింది. తటస్థంగా ఉండటమంటే ఓటు వేయకుండా ఉండటమేనని, వేసిన ఓట్లంటే అనుకూలం, వ్యతిరేకం మాత్రమేనని 2021 జూన్ 3న తీర్పొచ్చింది. మన పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా తటస్థంగా కూర్చునేవాళ్లు తమ మౌనం ఎవరి ఖాతాలో పడుతుందో చూసుకోవలసిన లెక్క ఇది.

అయిదు లక్షలమందికీ దుబాసీ

కమిటీ గది గోడల వెంబడి అద్దాల గదులుంటాయి, వాటిలో దుబాసీలు. అధికార భాషలు 24. ఒక్కోదాన్నించి మిగతా 23లోకి అంటే 552 జతలు. ఇన్నిటికి మనుషులెక్కడ దొరుకుతారు? అందుకని చిన్న భాషల్ని ముందు ఇంగ్లిషులోకో ఫ్రెంచిలోకో చెప్పి, అక్కడినుంచి మిగతావాళ్లు అందుకుంటారు. మాల్టా దేశపు జనాభా మొత్తం కలిపినా మన విజయవాడంత ఉండదు. అయినా వాళ్ల భాష అధికార భాషే.

డబ్లిన్ ముడి

ఐరోపాలో ఆశ్రయం కోరిన మనిషి దరఖాస్తుని ఏ దేశం పరిశీలించాలి? 1990 జూన్‌లో డబ్లిన్ నగరంలో సంతకాలైన ఒప్పందం దీనికి వరస నిర్ణయించింది. కుటుంబం ఎక్కడుందో చూస్తారు, వీసా ఎవరిచ్చారో చూస్తారు, ఇవేవీ లేకపోతే మొదట అడుగుపెట్టిన దేశానిదే బాధ్యత. సముద్రం దాటి వచ్చేవాళ్లు ముందుగా అడుగుపెట్టేది గ్రీసులోనో ఇటలీలోనో. దాంతో భారమంతా వాళ్ల నెత్తినే పడింది. ఎవరు మొదట ఎక్కడ దిగారో కనిపెట్టడానికి 2003 నుంచి యూరోడాక్ అనే వేలిముద్రల ఖాతా నడుస్తోంది. వేళ్లు చూపించకుండా ఉత్తరానికి జారుకోవాలని వచ్చినవాళ్ల ప్రయత్నం. ముద్రలు తీయకుండా వదిలేస్తే పీడా పోతుందని దక్షిణాది దేశాల అధికారుల్లో కొందరి ఆలోచన. ఇద్దరి అవసరమూ ఒకటే అయ్యాక నిబంధన నిలుస్తుందా? పైగా గ్రీసులో శిబిరాల స్థితి ఎంత ఘోరంగా ఉందంటే, ఒక అఫ్ఘాన్ శరణార్థిని బెల్జియం అక్కడికి తిప్పి పంపడం మానవహక్కుల ఉల్లంఘనేనని 2011 జనవరిలో స్ట్రాస్‌బర్గ్ మానవహక్కుల న్యాయస్థానం చెప్పింది.

2017 అక్టోబరులో ఈ కమిటీ ఒక పరిష్కారం చూపించింది. స్వీడన్ సభ్యురాలు సెసిలియా విక్‌స్ట్రోమ్ రాసిన నివేదిక ప్రకారం మొదటి దేశం నిబంధన తీసేసి, వచ్చినవాళ్లని అన్ని దేశాలూ వాటాలు వేసుకుని పంచుకోవాలి. అన్ని రంగుల పార్టీల వాళ్లూ కలిసి ఒప్పుకున్న మధ్యేమార్గం అది. మంత్రుల మండలి మాత్రం ఏళ్లు గడిచినా తన మాటేమిటో చెప్పలేదు. చెప్పకపోతే బేరమే మొదలవదు. ఆ కష్టం మూలన పడింది.

చివరికి 2020లో కమిషన్ వేరే ప్రతిపాదనల మూట తెచ్చింది. 2024 ఏప్రిల్ 10న అవి సభ ముందుకి ఓటింగుకి వచ్చాయి. సందర్శకుల గ్యాలరీ నుంచి నిరసనకారులు ‘ఈ ఒప్పందం చంపుతుంది’ అని అరుస్తూ కాగితపు విమానాలు సభ్యుల మీదికి విసిరారు. కాసేపు ఓటింగు ఆగింది. మూటలోని పది చట్టాలూ నెగ్గాయి గానీ, ఒకటి 301–272తో గట్టెక్కింది. కొత్త పద్ధతిలో వచ్చినవాళ్లలో కొందరిని తీసుకోవడానికి ఇష్టపడని దేశం మనిషికి 20,000 యూరోల లెక్కన డబ్బు కట్టొచ్చు, అంటే దాదాపు 20 లక్షల రూపాయలు. యూరోడాక్‌లో ముద్రలు తీసే వయసు 14 నుంచి 6కి దిగింది. ఒకటో తరగతి పిల్లల వేళ్లు! బాధ్యత మాత్రం ఇప్పటికీ మొదట దిగిన దేశం చుట్టూనే తిరుగుతోంది.

ఏడు దేశాల్లో మనది

కొత్త చట్టాల ప్రకారం, ఏ దేశస్థుల దరఖాస్తుల్లో ఐరోపా మొత్తమ్మీద 20 శాతానికి మించి ఆమోదం పొందడం లేదో, ఆ దేశంవాళ్ల దరఖాస్తుని సరిహద్దులోనే 12 వారాల్లో తేల్చొచ్చు. దీనికి తోడు 2025 ఏప్రిల్‌లో కమిషన్ ‘సురక్షిత దేశాల’ ఉమ్మడి జాబితా ఒకటి ప్రతిపాదించింది. అందులో ఏడు పేర్లు. బంగ్లాదేశ్, కొలంబియా, ఈజిప్టు, భారత్, కొసోవో, మొరాకో, ట్యునీషియా. ఆ ప్రతిపాదనా ఈ కమిటీ బల్ల మీదికే వచ్చింది. జాబితాలో ఉన్న దేశం మనిషి ఆశ్రయం అడిగితే విననే వినరని కాదు. విచారణ తొందరగా జరుగుతుంది, తనకి నిజంగా ప్రమాదం ఉందని నిరూపించుకోవలసిన బరువు అడిగినవాడి మీదే ఎక్కువగా పడుతుంది. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకీ, ఉద్యోగం మీద వెళ్లినవాళ్లకీ దీంతో సంబంధం లేదు. అయితే వీసా అయిపోయాక ‘ఆశ్రయం కింద దరఖాస్తు పెట్టు, ఏళ్లపాటు ఢోకా లేదు’ అని చెప్పే ఏజెంట్ల మాట నమ్మేవాళ్లు ఈ ఏడు పేర్లు ఒకసారి చదువుకోవడం మంచిది.

ముద్ర పడని పాస్‌పోర్టు

పాస్‌పోర్టు పేజీలో విమానాశ్రయం ముద్ర చూసి మురిసిపోయే రోజులు షెంగెన్ దేశాల్లో వెళ్లిపోతున్నాయి. 2025 అక్టోబరు 12న మొదలైన ప్రవేశ-నిష్క్రమణ వ్యవస్థ వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ కంప్యూటరులో రాసుకుంటుంది. ఈ కమిటీ గుండా 2017లోనే చట్టం అయ్యింది, అమలుకి ఎనిమిదేళ్లు పట్టింది. వీసా లేకుండా రాగలిగే దేశాలవాళ్లకి వేలిముద్రలు కూడా తీస్తారు. మనవాళ్లు ముద్రలు వీసా అప్పుడే ఇచ్చేసి ఉంటారు కాబట్టి, ముఖచిత్రం ఒక్కటే కొత్తగా చేరుతుంది. వివరాలు మూడేళ్లు ఉంటాయి. గడువు దాటి ఉండిపోయినవాళ్లవి అయిదేళ్లు. ‘రెండు రోజులేగా, ఎవరు లెక్కపెడతారు’ అనుకునేవాళ్లకి ఇక యంత్రమే లెక్కపెడుతుంది.

కాపలావాడు సభలోకి

ఐరోపా సరిహద్దు సంస్థ ఫ్రంటెక్స్ మీద, సముద్రంలో శరణార్థుల పడవల్ని వెనక్కి నెడుతుంటే చూసీ చూడనట్టున్నారన్న ఆరోపణలు రావడంతో 2021లో ఈ కమిటీ ఒక పరిశీలక బృందాన్ని వేసింది. హక్కుల ఉల్లంఘన ఆధారాలు సంస్థకి అందినా సరిగా పట్టించుకోలేదని ఆ జులైలో బృందం రాసింది. 2022 ఏప్రిల్ చివర్లో సంస్థ అధిపతి ఫాబ్రిస్ లెజేరి రాజీనామా చేశారు. 2024 జూన్‌లో ఫ్రాన్స్‌లో మరీన్ లెపెన్ పార్టీ తరఫున పోటీచేసి, తనని నిలదీసిన అదే పార్లమెంటుకి సభ్యుడై వచ్చారు.

నీలి కార్డు, డబ్లిన్ కుర్రాళ్లు

మన ఇంజినీర్లు ‘బ్లూ కార్డ్ వచ్చింది’ అని జర్మనీ నుంచి ఫోన్ చేస్తుంటారు. ఆ కార్డుకి 2009లో చేసిన చట్టాన్ని 2021లో ఈ కమిటీ చేతుల మీదుగా తిరగరాశారు. పన్నెండు నెలల ఉద్యోగ ఒప్పందం కావాలన్నచోట ఆరు నెలలు చాలన్నారు. ఐటీ ఉద్యోగాల్లో కొన్నింటికి డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్లలో మూడేళ్ల తగిన అనుభవం ఉంటే సరిపోతుందన్నారు. బీటెక్‌లో సప్లీలు మిగిలిపోయి, పనిలో మాత్రం ఆరితేరినవాళ్లకి అసలు మేలు ఇక్కడుంది.

చదువుకోవడానికి వెళ్లేవాళ్లకి ఇంకో చట్టం, 2016లోది. ఇదీ విక్‌స్ట్రోమ్ నివేదికే. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం తొమ్మిది నెలలు ఉండనివ్వాలి, చదువుతున్నప్పుడు వారానికి కనీసం 15 గంటలు పనిచేసుకోనివ్వాలి. జర్మనీ అంతకంటే ఉదారంగా 18 నెలలు ఇస్తోంది. అయితే న్యాయ, హోం వ్యవహారాల చట్టాల్లో ఐర్లండ్‌కి, డెన్మార్క్‌కి ‘మాకొద్దు’ అనే వెసులుబాటు ఉంది. బ్లూ కార్డు గానీ, ఈ విద్యార్థుల చట్టం గానీ ఆ రెండు దేశాల్లోనూ చెల్లవు. మియాపూర్ నుంచో, విజయవాడ నుంచో డబ్లిన్‌లో ఎంఎస్‌కి వెళ్లే పిల్లలు ఐరోపా నిబంధనలు చదివి అవే తమకీ వర్తిస్తాయనుకుంటే చిక్కు. వాళ్లకి వర్తించేది ఐర్లండ్ సొంత పథకం. దాని కింద మాస్టర్స్ పూర్తిచేసినవాళ్లు రెండేళ్ల దాకా ఉండొచ్చు.